పెంచిన పన్నులో మానేవాడి వాటా ఎంత?

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం కోటిపల్లి రేవులో పంటు కోసం, అంటే ఏరు దాటించే పెద్ద పడవ కోసం నిలబడ్డాను. రామచంద్రపురం దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే పని నాది. ఇల్లు అవతలి ఒడ్డున, ముక్తేశ్వరం దాటాక. ఇరవై ఏళ్లుగా రోజూ గోదావరి పాయ గౌతమి దాటుతున్నాను. రేవులోకి దిగే చోట ఒక బడ్డీ కొట్టు ఉంది. నేను తాగిన సిగరెట్లలో సగానికి సగం ఆ కొట్టులో కొన్నవే. మానేసి ఏడాది దాటింది. ఇప్పుడు అక్కడ సోడా తాగుతాను, కొట్టు బాబాయితో రెండు మాటలు మాట్లాడతాను, పంటు రాగానే దిగిపోతాను.

ఆ సాయంత్రం కొబ్బరి దింపులకు వెళ్లే కుర్రాడొకడు వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. నాకు ముఖ పరిచయమే. రోజూ అడిగే సిగరెట్టే అడిగాడు. బాబాయి కొత్త రేటు చెప్పాడు. కుర్రాడు అరచేతిలో ఉన్న చిల్లర వైపు ఒకసారి చూసుకున్నాడు.

“అంతయిందా?”

“నేను పెంచానా అబ్బాయ్? పైనుంచే పెరిగింది.”

“అయితే బీడీ కట్ట ఇచ్చెయ్ బాబాయ్.”

కట్ట విప్పి ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. కొట్టు గుంజకు కొబ్బరి తాడు ఒకటి వేలాడుతుంటుంది. దాని చివర ఎప్పుడూ నిప్పు రాజుతూనే ఉంటుంది. మా వైపు పాత కొట్లలో ఇప్పటికీ లైటర్ కంటే ఈ తాడే ఎక్కువ. ఆ తాడు పట్టుకుని, తల కాస్త వాల్చి బీడీ అంటించుకున్నాడు. అది రెండుసార్లు ఆరిపోయింది, మళ్లీ రెండుసార్లు అంటించాడు. అలవాటు లేని చేయి కదా.

అదే వారం పేపర్లలో సిగరెట్ పన్ను గురించి వ్యాసాలు వచ్చాయి. పన్ను పెరిగితే తాగడం తగ్గుతుందని ఒకరు, ఖజానా నిండుతుందే తప్ప ఎవరూ మానరని ఇంకొకరు. వాళ్లిద్దరి వాదనలో ఆ కుర్రాడు ఎక్కడా లేడు. నేనూ లేను. అందుకే ఇది రాస్తున్నాను. నేను పన్ను పెంచాలనే పక్షమే, ఇంకా పెంచినా అభ్యంతరం లేదు. కానీ పన్ను కట్టించుకుని, ఆ మనిషిని అక్కడే రేవులో వదిలేసి పోవడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

పన్ను పనిచేస్తుంది, ముందు అది ఒప్పుకోవాలి

పన్నుకు భయపడి మనిషి అలవాటు మార్చుకుంటాడా అని అడిగేవాళ్లు మా జిల్లాలో ఉండకూడదు. పక్కనే యానాం ఉంది. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి మందుకోసం, పెట్రోలు కోసం మనవాళ్లు ఎంత దూరం నుంచి అక్కడికి పోతారో అందరికీ తెలుసు. బాటిల్ మీద మిగిలేదానికి బండి వేసుకుని పోయే మనిషి, రేటు పెరిగితే ఏమీ చేయకుండా ఉంటాడా? సిగరెట్ విషయంలో యానాం దారి లేదు, ఎందుకంటే ఈ పన్ను కేంద్రం వేసేది, దేశమంతా ఒకటే. తప్పించుకునే దారి లేని పన్ను కాబట్టే దీనికి బలం ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనలాంటి దేశాల్లో ధర 10 శాతం పెరిగితే వాడకం 5 శాతం దాకా తగ్గుతుంది. రిటైల్ ధరలో కనీసం 75 శాతం పన్నే ఉండాలని కూడా ఆ సంస్థ చెబుతుంది. మన దగ్గర సిగరెట్ల మీద అది ఇన్నాళ్లూ సగానికి కాస్త పైన ఉండేది. బీడీల మీదైతే పావు వంతు కూడా లేదు.

2017లో జీఎస్టీ వచ్చాక చాలా ఏళ్లు ఈ పన్ను పెద్దగా కదల్లేదు. 2020 బడ్జెట్‌లో కొంత, 2023లో కొంత, అంతే. ఈలోగా కూలీలు పెరిగాయి, జీతాలు పెరిగాయి. మా మిల్లులో హమాలీల కూలి చిట్టాలు నా చేతి మీదుగానే పోతాయి. 2017లో ఒక రోజు కూలికి ఎన్ని సిగరెట్లు వచ్చేవో, నిరుడు ఒక రోజు కూలికి అంతకంటే ఎక్కువే వచ్చేవి. రేటు పెరుగుతోందని మేం గోల పెట్టిన ఆ ఏళ్లన్నిటిలో నిజానికి సిగరెట్ మాకు చౌకవుతూ వచ్చింది. 2026 ఫిబ్రవరి 1 నుంచి 40 శాతం జీఎస్టీ, దాని పైన పొడవును బట్టి వెయ్యి సిగరెట్లకు 2,050 నుంచి 8,500 రూపాయల దాకా ఎక్సైజ్ సుంకం పెట్టారు. ఇంత గట్టిగా పెంచడం మంచిదే అనుకుంటున్నాను. ఏటా అర్ధరూపాయి పెంచితే మనిషి దానికి అలవాటు పడిపోతాడు. ఒకేసారి పెరిగితే చేయి ఒక్క క్షణమైనా ఆగుతుంది.

కొత్తగా మొదలుపెట్టే వయసువాళ్ల మీద దీని ప్రభావం ఇంకా ఎక్కువ. నేను మొదటి సిగరెట్ తాగింది ఇంటర్ సెకండియర్లో, ముగ్గురం డబ్బులు వేసుకుని. ఆ రోజు దాని ధర రెండింతలుంటే మా దగ్గర అన్ని డబ్బులు లేవు. అంత చిన్న విషయం మీద ఇరవై మూడేళ్లు ఆధారపడి ఉన్నాయా అని ఇప్పుడు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మరి పన్ను చూసి నేను మానానా? లేదు. దాచుకోవడం దేనికి. రేటు పెరిగిన ప్రతిసారీ నేను చేసిన పని వేరే ఉంది. మొదట ప్యాకెట్ కొనడం మానేసి విడిగా కొనడం మొదలుపెట్టాను. తర్వాత పొడుగు సిగరెట్ నుంచి పొట్టిదానికి దిగాను. 65 మిల్లీమీటర్ల లోపు ఉన్న సిగరెట్‌కు పన్ను తక్కువ, అందుకే కంపెనీలు సరిగ్గా 64 మిల్లీమీటర్లవి తయారు చేస్తాయి. ఒక్క మిల్లీమీటరు కోసం. పొట్టి సిగరెట్ తాగేవాడు ఇంకా గట్టిగా, ఇంకా చివరిదాకా పీలుస్తాడు. నేను వేళ్లు కాలేదాకా పీల్చేవాడిని. పన్ను నన్ను తరిమింది నిజమే. తలుపు ఎటుందో మాత్రం చూపించలేదు. అందుకని గదిలోనే ఇంకో మూలకు జరిగాను.

కట్ట బీడీ, విడి సిగరెట్

ఆ కుర్రాడు జరిగిన మూల బీడీ. సిగరెట్ మీద పన్ను పెరిగిన ఆ ఫిబ్రవరి 1 నుంచే బీడీ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఒకే రోజు ఒకటి పైకి, ఒకటి కిందికి. 2016-17లో దేశవ్యాప్తంగా చేసిన పెద్దల పొగాకు సర్వే ప్రకారం సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమైతే బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. అంటే ఎక్కువమంది తాగేదాన్ని వదిలి తక్కువమంది తాగేదాని మీద భారం వేశాం. పైగా బీడీ మెత్తనిదేమీ కాదు. ఆకు సరిగా కాలదు, ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ దమ్ము లాగాలి. తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే లోపలికి పోతాయి.

మా నాన్న బీడీలే తాగాడు. కట్టలు తువ్వాలు కొసలో ముడి వేసుకునేవాడు. చివరి మూడేళ్లు రాత్రిళ్లు పడుకోలేక, అరుగు మీద మోకాళ్లకు తల ఆనించి కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడేవాడు. ఆ పిల్లికూతలు వీధి చివరిదాకా వినపడేవి. 2011లో పోయాడు, 61 ఏళ్లకు. “మా తాత లంక చుట్ట తాగి ఎనభై నాలుగేళ్లు బతికాడు” అని మా ఇంట్లోనూ అంటారు, అది నిజమే. ఆ తాత కొడుకే మా నాన్న. ఒకే ఇంట్లో రెండు లెక్కలున్నప్పుడు జనం మొదటి లెక్కనే పట్టుకుంటారు.

బీడీ మీద పన్ను వేస్తే చుట్టే ఆడవాళ్ల పొట్ట మీద కొట్టినట్టవుతుందని అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారేయలేను. మా నాయనమ్మ చుట్టలు చుట్టేది. లంక పొగాకు ఆకు మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక నడిమి ఈనె ఊడలాగి, పీట మీద అరచేత్తో దొర్లించి, చివర గంజితో అంటించేది. వేళ్లకు ఎప్పుడూ పసుపు నలుపు కలిసిన రంగు, ఇంట్లో ఎప్పుడూ ఆ ఘాటు. ఆవిడ పొగ తాగలేదు, కానీ దగ్గు మాత్రం ఉండేది. ఆ చేతుల కష్టాన్ని చూసినవాడిగా అడుగుతున్నాను: ఆ పని చేసే ఆడవాళ్ల మీద జాలి ఉంటే వాళ్లకు ఇంకో పని చూపించాలి, కూలి పెంచాలి. వాళ్ల పేరు చెప్పి మా నాన్నలాంటి వాళ్ల ఊపిరితిత్తులను చౌక చేస్తే ఆ ఆడవాళ్లకు ఒరిగేదేమిటి? బీడీ కార్మికుల సంక్షేమం కోసం 1976 నుంచి ప్రత్యేకంగా ఒక సెస్ ఉండేది, జీఎస్టీ వచ్చేటప్పుడు దాన్ని తీసేశారు. నిజంగా వాళ్ల మీద ప్రేమే ఉంటే దాన్ని ఉంచేవాళ్లు.

రెండో చిల్లు విడి సిగరెట్. ప్యాకెట్ కొనేవాడికి పెరిగిన రేటు దెబ్బలా తగులుతుంది. ఒకటే కొనేవాడికి అది రెండు మూడు రూపాయలు, సోడా మానేస్తే సర్దుకుపోయేది. ఇంకో సంగతి కూడా ఉంది. ప్యాకెట్ మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ వేయాలనే రూలు 2016లో అమల్లోకి వచ్చింది. 2018 నుంచి దాని కింద మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు కూడా వేస్తున్నారు. ఆ ప్యాకెట్ ఉండేది ఎక్కడ? కొట్టులో బాబాయి మోకాలి పక్కన రేకు డబ్బాలో. ఆయన చేయి లోపలికి పోతుంది, ఒక సిగరెట్‌తో బయటికి వస్తుంది. విడిగా కొన్న పన్నెండేళ్లలో ఆ నంబరు ఒక్కసారి కూడా నా కంటపడలేదు. మహారాష్ట్ర 2020లో విడి సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించింది. మన రేవుల్లో విడిగా అమ్మడమే అసలు వ్యాపారం.

ఈ మాట బాబాయితో అన్నాను. ఆయన కోపపడలేదు. “ప్యాకెట్టే అమ్మాలంటే నా కొట్టు మూసుకోవాలబ్బాయ్. ఈ రేవులో ప్యాకెట్టు కొనేవాళ్లు ఎందరున్నారు? సిగరెట్టు కోసం వచ్చినవాడే సోడా తాగుతాడు, అరటిపండు కొంటాడు” అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. విడి అమ్మకం ఆగాలనే నేను అంటాను, కానీ ఆ మాట ఆయన కళ్లలోకి చూసి అనడం కష్టంగానే ఉంది.

నలభై ఒక్క రోజులు

మానడం గురించి మాట్లాడాలంటే మాల గురించి చెప్పాలి. 2012 నుంచి వరసగా నాలుగేళ్లు అయ్యప్ప మాల వేశాను. ఒక్కోసారి 41 రోజులు. ఆ 41 రోజులూ సిగరెట్ ముట్టలేదు. ఇలాంటివాళ్లు మా ఊళ్లో పదుల సంఖ్యలో ఉన్నారు. ఇంటివాళ్లు కూడా ఆ రోజుల కోసమే ఎదురుచూస్తారు. మాల తీసిన సాయంత్రం రేవులోకి దిగగానే నా చేయి తనంతట తనే కొట్టు వైపు పోయింది. నాలుగేళ్లూ అంతే.

నా ఆవిడ ఒకసారి అడిగింది: “నలభై ఒక్క రోజులు ఉండగలిగినవాళ్లు నలభై రెండో రోజు ఎందుకు ఉండలేరు?” నా దగ్గర జవాబు లేదు. భక్తి తక్కువని, మనసు గట్టిది కాదని నన్ను నేను తిట్టుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు. ఆ 41 రోజులు నేను ఒక్కణ్ణే మానలేదు. తెల్లవారుజామున గురుస్వామి లేపేవాడు. మిల్లులో హమాలీలు నన్ను చూసి బీడీలు దాచేవాళ్లు. “స్వామీ” అని పిలిచే ప్రతి మనిషీ నాకు గుర్తు చేసేవాడు. ఇదే కొట్టు బాబాయి నేను కనపడగానే అడక్కుండా సోడా తీసి, సిగరెట్ల డబ్బా మీద గుడ్డ కప్పేవాడు. ఊరంతా నా వెంట ఉంది. మాల తీయగానే ఊరు తప్పుకుంది, నేనూ ఆ తాడు నిప్పూ మిగిలాం.

నికోటిన్ దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. మానేస్తే మొదటి రెండు మూడు రోజులు నరకం, రెండు నుంచి నాలుగు వారాల్లో ఒంటి బాధ చాలావరకు సర్దుకుంటుంది. అంటే 41 రోజులకు నా ఒళ్లు దాదాపు బయటపడిపోయింది. నన్ను పట్టుకున్నది ఆ రేవు, ఆ పంటు కోసం ఎదురుచూసే పావుగంట, భోజనం తర్వాతి కాలవగట్టు నడక. వాటితో ఎలా వేగాలో నాకు ఎవరూ చెప్పలేదు.

నాన్నను కాష్టానికి చేర్చి ఇంటికి వస్తూ, స్నానం కూడా చేయకుండా కొబ్బరితోటలో నిలబడి సిగరెట్ తాగాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఊపిరాడక పోయిన మనిషిని అప్పుడే తగలబెట్టి వచ్చాను, అయినా తాగాను. మనసుంటే ఎవడైనా మానగలడు అనేవాళ్లకు ఇది తెలియాలని ఇప్పుడు రాస్తున్నాను. మనసు అప్పుడు నాకు లేక కాదు.

నిలబడిన మానడం కిందటి ఏడాది జనవరిలో మొదలైంది. దగ్గు తగ్గక కాకినాడలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన తిట్టలేదు. రోజుకు ఎన్ని, లేచిన ఎంతసేపటికి మొదటిది అని అడిగి, నికోటిన్ గమ్ రాసి, ఒక నంబరు చెప్పాడు: 1800-11-2356. ఇన్నాళ్లూ ప్యాకెట్ మీద ఉన్న నంబరు అదే. ఫోన్ చేస్తే అటునుంచి ఒక అమ్మాయి మానే తేదీ ఒకటి నన్నే పెట్టుకోమంది. ఆ తేదీ తర్వాత తనే ఫోన్ చేసింది. మూడో రోజు చేసినప్పుడు, వోచర్ల మీద నీళ్లు చిందాయని మిల్లులో ఒక పిల్లాడి మీద విరుచుకుపడి వచ్చి ఉన్నాను. “అది మీ కోపం కాదండి, నికోటిన్ లేని కోపం. ఈ వారం దాటితే తగ్గుతుంది” అంది. ఆ ఒక్క మాట నన్ను వారం దాటించింది.

గమ్ గురించి ఒక మాట, ఎవరికైనా పనికొస్తుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. నాలుగైదుసార్లు నమిలి, నోట్లో కారంగా అనిపించగానే బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కి వదిలేయాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. మొదటి రోజు నేను గబగబా నమిలేసి, వెక్కిళ్లు పట్టుకుని, ఇది నావల్ల కాదని పారేశాను. ఆ అమ్మాయి చెప్పాకే తెలిసింది. ఎంతమంది ఈ ఒక్క సంగతి తెలియక వదిలేసి ఉంటారో.

అయితే ఆ గమ్ ఎక్కడ దొరికింది? మా ఊళ్లో లేదు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో అడిగితే అది ఏమిటని నన్నే అడిగారు. చివరికి కాకినాడలో తెచ్చుకున్నాను. పది బిళ్లల స్ట్రిప్ వంద దాటింది, అది రెండు రోజులకు కూడా చాలదు. సిగరెట్ మాత్రం తెల్లవారి ఐదింటికే రేవులో దొరుకుతుంది, ఒకటైనా ఇస్తారు, అప్పు కూడా పెడతారు.

పది పైసలు

ఇక లెక్కకు వస్తాను, నా వృత్తి అదే. మానే నాటికి నేను రోజుకు ఎనిమిది తాగేవాడిని. వాటి ధరలో సగానికి పైగా పన్ను. ఇరవై మూడేళ్లలో, సగటున రోజుకు ఎనిమిది చొప్పున, 67 వేల పైచిలుకు సిగరెట్లు తాగాను. ప్రతి సిగరెట్ మీద వచ్చిన పన్నులో పది పైసలు పక్కన పెట్టి ఉంటే 6,700 రూపాయలు అయ్యేవి. రెండున్నర నెలలు గమ్‌కు నాకైన ఖర్చు ఐదు వేల లోపే. నన్ను బయటికి లాగే డబ్బు నేనే ముందుగా, ఎన్నో రెట్లు కట్టాను. అది నాకోసం ఎవరూ పక్కన పెట్టలేదు.

ఇది కోరరాని కోరికేమీ కాదు. థాయిలాండ్‌లో 2001 నుంచి పొగాకు, మద్యం పన్నుల మీద అదనంగా 2 శాతం వసూలు చేసి ఆరోగ్య ప్రచారానికి ప్రత్యేక నిధిగా ఇస్తున్నారు. ఫిలిప్పీన్స్ 2012లో పొగాకు, మద్యం పన్ను పెంచుతూ అదనంగా వచ్చేదానిలో ఎక్కువ భాగం అందరికీ వైద్యం అందించడానికే అని చట్టంలోనే రాసుకుంది. నికోటిన్ గమ్, ప్యాచ్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన రాజమండ్రిలో పొగాకు పంట మీద పరిశోధన చేయడానికి 1947లో పెట్టిన కేంద్ర సంస్థ ఉంది. ఆకు బాగా పండాలంటే అడగడానికి శాస్త్రవేత్తలున్నారు. మానాలంటే మా రేవు చుట్టుపక్కల నాకు ఎవరూ కనపడలేదు.

మా ఇంటికి నెలనెలా వచ్చే ఆశా కార్యకర్త బీపీ అడుగుతుంది, షుగర్ అడుగుతుంది, పిల్లల టీకాలు అడుగుతుంది. పొగ తాగుతారా, మానాలనుందా అని ఇంకొక్క ప్రశ్న అడిగి, సంచిలోంచి ఒక స్ట్రిప్ తీసి ఇచ్చే రోజు రావాలి. ఇంతకంటే పెద్ద పథకమేమీ నేను అడగడం లేదు. 2016-17 సర్వేలోనే పొగ తాగేవాళ్లలో సగానికి పైగా మానాలని అనుకుంటున్నట్టు తేలింది. అడిగితే అవునని చెప్పేవాళ్లు తాగేవాళ్లలో ప్రతి ఇద్దరికి ఒకరుంటారు.

పన్ను పెంచితే దొంగ సిగరెట్లు వస్తాయని అంటారు. వస్తాయి, ఇప్పుడూ వస్తున్నాయి. పట్టుకోవాల్సినవాళ్లు పట్టుకోవాలి. దొంగసారా ఉందని మద్యం మీద పన్ను ఎవరూ ఎత్తేయలేదు కదా. దేవరపల్లి దగ్గర, సిగరెట్లలో వాడే వర్జీనియా పొగాకు వేసే మా చిన్న బావమరిది మాత్రం నిజంగానే భయపడుతున్నాడు. “నువ్వు మానావు బావా, సంతోషం. మరి మా బ్యారన్లు ఏం చేసుకోవాలి?” అన్నాడు మొన్న సంక్రాంతికి. బ్యారన్లంటే పచ్చి ఆకును వేడి పెట్టి ఆరబెట్టే గదులు. మన వర్జీనియాలో చాలా భాగం ఎగుమతికే పోతుందని, వాళ్ల రేటు ఇక్కడి సిగరెట్ పన్ను కంటే విదేశీ గిరాకీ మీదే ఎక్కువ ఆధారపడుతుందని చెప్పాను. ఒప్పుకోలేదు. పొలం నాది కాదు కాబట్టి నేనూ ఎక్కువ మాట్లాడలేకపోయాను. వాడి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఇంకొక్కటి మాత్రం నన్ను నిజంగా బాధపెడుతుంది. ఈ 40 శాతం రేటును టీవీల్లో సిన్ ట్యాక్స్ అంటున్నారు, పాపం మీద పన్ను. మా నాన్న చేసిన పాపం ఏమిటి? పద్నాలుగేళ్లకు పొలం పనికి పోయి, అక్కడ పెద్దవాళ్లు ఇచ్చిన బీడీ తాగాడు. పాపమని పేరు పెడితే అది జరిమానా అవుతుంది, జరిమానా కట్టినవాడికి ఎవరూ ఏమీ బాకీ ఉండరు. జబ్బు అనే పేరు పెడితే లెక్క మారుతుంది. అసలు ప్రభుత్వం చేతులే అంత శుభ్రంగా లేవు. దేశంలో అతిపెద్ద సిగరెట్ కంపెనీ షేర్లలో దాదాపు 15 శాతం ఎల్ఐసీవి. నేను ఇరవై ఏళ్లుగా ప్రీమియం కడుతున్నది అక్కడికే.

మొన్న శనివారం ఆ కుర్రాడు మళ్లీ రేవులో కలిశాడు. జేబులో బీడీ కట్ట కనపడుతోంది. నేను తాగేవాణ్ణని బాబాయి చెప్పాడట. పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“మీరు మానేశారంటగా, బాబాయ్ చెప్పాడండి.”

“అవును. ఏడాది దాటింది.”

“మొదట్లో ఎలా ఉంటదండి?”

మూడో రోజు గురించి చెప్పాను. వోచర్ల మీద చిందిన నీళ్ల గురించి, గమ్ బుగ్గలో పెట్టే పద్ధతి గురించి చెప్పాను. బాబాయి ఖాళీ ప్యాకెట్ ఒకటి అందించాడు. నంబరు ఉన్న వైపు చింపి ఇస్తే, కుర్రాడు దాన్ని ఫోన్ కవరు వెనక పెట్టుకున్నాడు. ఎప్పుడు మొదలుపెడతావని నేను అడగలేదు. గమ్ ఎక్కడ దొరుకుతుందని అతను అడిగాడు. కాకినాడ అని చెప్పాల్సి వచ్చింది. అంత దూరమా అన్నట్టు చూశాడు. ఈలోగా పంటు ఒడ్డుకు తగిలింది, ఇద్దరం రేవులోకి దిగాం.